షాపులో మాస్కు తీసేయమంటున్నారు, మీ దగ్గర ఎట్లుంది?

ప్రకాశంబజార్_పోరడు
నల్గొండలో బట్టల షాపులో సేల్స్‌లో చేస్తా. షర్టింగు, సూటింగు కౌంటర్ నాది. కరోనా వచ్చినప్పుడు మొదలుపెట్టిన మాస్కు ఇప్పటిదాకా తీయలేదు. మొన్న 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) కరోనా ఎమర్జెన్సీ ఎత్తేసిందని టీవీలో వచ్చింది కదా, తెల్లారి షాపు తీయగానే మా సేటు పిలిచి "ఇంక అది తీసెయ్ రా, నిన్ను చూసి గిరాకీ ఏదో రోగం అనుకుంటుంది" అన్నాడు. ఇదే సేటు 2020లో షట్టర్ పక్కన 'మాస్కు లేనిదే లోపలికి రావద్దు' అని పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు గోడౌన్‌లో బేళ్ల మీద దుమ్ము పడకుండా కప్పి ఉంది.

నాకు కరోనా టెన్షన్ ఏమీ లేదు. రెండు డోసులు అయ్యాయి, బూస్టర్ కూడా అయ్యింది. కొత్త స్టాకు బేళ్లు విప్పినప్పుడు లేచే నూగు నాకు పడదు. థాన్ విదిలించి పరిచానంటే చాలు, తుమ్ములు అందుకునేవి. ముందు ప్రతి చలికాలం సిట్రిజిన్ మీదే బతికేవాణ్ణి. మాస్కు పెట్టుకున్నాక ఆ బాధ చాలా తగ్గింది. ఇప్పుడు పెళ్లిళ్ల సీజన్, ఏసీ వేసి తలుపులు మూసి ఉంటాయి, లోపల జనం కిటకిట. ఎందుకు తీయాలో నాకర్థం కాదు. మీ దగ్గర ఇంకా పెట్టుకునేవాళ్లను ఏమంటున్నారు?

పిల్లలమర్రి_నీడ
జీతం ముఖానికి ఇస్తున్నావా, పనికి ఇస్తున్నావా అని అడుగు.

బస్టాండ్_టీ
అడిగి చూడు తమ్ముడూ. రేపటి నుంచి ఆ ముఖమూ పనీ ఇంట్లోనే.

మెట్టుగడ్డ_మూర్తి
సేటు తప్పేముంది? బట్టల షాపంటే మాట మీద, నవ్వు మీద నడిచే వ్యాపారం. ముఖం కనపడకుండా "మీకు ఈ రంగు బాగుంటుంది సార్" అంటే ఎవరు నమ్ముతారు? మా పాలమూరులో క్లాక్ టవర్ నుంచి న్యూటౌన్ దాకా నడిచి చూడండి, మాస్కు ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు. ఊరంతా తీసేసింది. నీ ఒక్కడికే ఎందుకు?

కోర్టుపక్షి
వాదన తర్వాత, ముందు ఏది ఎప్పుడు పోయిందో చూద్దాం. డబ్ల్యూహెచ్‌ఓ ఇప్పుడు ఎత్తేసింది 2020 జనవరి 30న ప్రకటించిన అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని. జబ్బు పోయిందని వాళ్లు ఎక్కడా అనలేదు. మన దేశంలో మాస్కు సంగతి అంతకు ఏడాది ముందే తేలిపోయింది. విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం పెట్టిన ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిశాయి, పెట్టుకుంటే మంచిదన్న సలహా ఒక్కటే మిగిలింది. విమానాల్లో తప్పనిసరి అన్నది కూడా 2022 నవంబర్ 16న తీసేశారు.

కాబట్టి పెట్టుకోమని బలవంతం చేసే చట్టం ఇప్పుడు లేదు, తీసేయమనే చట్టం ఎప్పుడూ లేదు. సేటు చెప్పింది సేటు రూలు, అంతే. మే 5కు, దానికి సంబంధం లేదు.

సాగర్_ఎడమకాలువ
విమానం ముచ్చట మనకెందుకన్నా, దేవరకొండ బస్సు సంగతి చెప్పు.

డిపో_కండక్టర్
ఆ రూటులో చేసినోణ్ణే, నేను చెప్తా. 2020, 21లో "మాస్కు, మాస్కు" అని అరిచి అరిచి గొంతు పోయింది. టికెట్ కొట్టేటప్పుడు ముక్కు మీదకు లాగేవాళ్లు, నేను రెండు సీట్లు దాటగానే గడ్డం కిందకు. ఒకసారి చెకింగ్ వాళ్లు ఎక్కారు. వెనక సీటులో ఒకాయన తన మాస్కు విప్పి పక్కాయనకు ఇచ్చాడు, చెకింగ్ వాళ్లు పక్కాయన్ని చూసి ఇటు తిరిగేలోగా ఆయన మళ్లీ ఈయనకు ఇచ్చాడు. ఒకే మాస్కు, ఇద్దరు మనుషులు, ఇద్దరూ పాస్! నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

ఇప్పుడు నేను కూడా పెట్టుకోవడం లేదు. ఈ ఎండలో, ఇంజిన్ వేడికి తోడు అది ఉంటే ప్రాణం పోతుంది. పైగా దాని లోపలి నుంచి స్టేజీ పేరు అరిస్తే ఎవరికీ వినపడదు. మల్లేపల్లి దిగాల్సినోళ్లు ఆ ముందు ఊళ్లో దిగి నన్ను తిట్టిన రోజులున్నాయి.

సాగర్_ఎడమకాలువ
"పాస్" అంటే గుర్తొచ్చింది. 2021 ఏప్రిల్, మా సాగర్ ఉప ఎన్నిక. 14న హాలియాలో ముఖ్యమంత్రి సభ, 17న పోలింగ్, 19న ముఖ్యమంత్రికే పాజిటివ్ అని వార్త. సభలో జనం ఒకరి మీద ఒకరు పడేట్టు ఉన్నారు. ఆ వారంలోనే మా అన్న పొలం దగ్గరికి బండి మీద ఒక్కడే పోతుంటే ఆపి మాస్కు లేదని వెయ్యి రాశారు. మందలో ఉన్నోళ్లకు లేదు, ఒంటరిగా పోయేటోడికి వెయ్యి.

అప్పటి నుంచి మా ఇంట్లో మాస్కంటే చలానా గుర్తుకొస్తుంది, రోగం కాదు. చలానా భయంతో పెట్టుకున్నోళ్లు చలానా పోయిన రోజే తీసేస్తారు. దాంట్లో వింతేముంది?

బస్టాండ్_టీ
2022 నవంబర్‌లో మునుగోడు ఉప ఎన్నిక నాటికి ఒక్కరికి లేదు చూడండి. కండువా కప్పించుకునేటప్పుడు ఫొటోలో ముఖం పడాలి కదా. పొద్దున ఒక కండువా, సాయంత్రం ఒకటి.

మెట్టుగడ్డ_మూర్తి
అదీ మాట. పెద్దోళ్లే పట్టించుకోనప్పుడు మనం పట్టుకుని వేలాడటమెందుకు?

వార్డు_సిస్టర్
నేను స్టాఫ్ నర్సును. ఊరూ ఆస్పత్రీ అడగకండి.

మూర్తి గారూ, పెద్దోళ్లు పెట్టుకోలేదని వైరస్ ఊరుకోలేదు కదా. మొన్న 2023 ఏప్రిల్‌లో ఎక్స్‌బీబీ.1.16 అని కరోనాలోనే కొత్త రకం వచ్చి దేశంలో రోజుకు పది వేల కేసులు దాటాయి. ఇక్కడున్న వాళ్లలో ఎంతమందికి గుర్తుంది? మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ జ్వరాలు, ఇంటికొకరు దగ్గారు. టీకాల వల్ల, ముందే ఒకటి రెండుసార్లు సోకి ఉండటం వల్ల చాలామంది మామూలు జ్వరంలా దాటేశారు. ముసలివాళ్లు, డయాలసిస్ వాళ్లు, క్యాన్సర్‌కు కీమో తీసుకునేవాళ్లు అంత తేలిగ్గా దాటలేదు.

అందరూ రోజంతా పెట్టుకోవాలని నేను అనను, నా పిల్లలకే పెట్టను. నాకు కోపం వచ్చింది సేటు అన్న ఆ మాట మీద: "ఏదో రోగం అనుకుంటారు". మా దగ్గరికి టీబీ వాళ్లు వస్తారు. మొదట్లో, మందులు పనిచేయడం మొదలయ్యేదాకా, బయటికి వెళ్లినప్పుడు మాస్కు పెట్టుకోమని చెప్తాం. కరోనాకు ముందు ఈ మాట చెప్తే ఏడ్చేవాళ్లు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు లేచి పోతారని, ఇంటి ఓనరు గది ఖాళీ చేయమంటాడని. కరోనా రోజుల్లో వాళ్లకు ఒకే ఒక్క సుఖం ఉండేది. అందరి ముక్కులకూ గుడ్డ ఉంది కాబట్టి వీళ్లను ఎవరూ వేరుగా చూడలేదు. ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చింది. మొన్న ఒక పిల్లోడు, ఇరవై కూడా ఉండవు, గేటు దాకా మాస్కుతో వచ్చి గేటు దాటగానే తీసి జేబులో పెట్టుకోవడం కిటికీలోంచి చూశాను. బయట స్నేహితుడు బండి మీద ఉన్నాడు. ఇద్దరూ ఒకే బండి మీద పోయారు.

ఆ జేబులో మాస్కుకు కారణం మీ సేటు లాంటి వాళ్ల మాటే తమ్ముడూ.

పిల్లలమర్రి_నీడ
ఇది చదివాక జోకు వేయబుద్ధి కావడం లేదు.

మెట్టుగడ్డ_మూర్తి
సిస్టర్, మీరు చెప్పింది కాదనను. కానీ ఆ బ్లాక్ ఫంగస్ మాస్కుల వల్లే వచ్చిందన్నారు కదా? చెమటకు తడిసిన గుడ్డలో బూజు పట్టి.

వార్డు_సిస్టర్
అన్నారు, వాట్సాప్‌లో. 2021లో దాని పాలైన వాళ్లలో ఎక్కువ మంది షుగర్ అదుపులో లేనివాళ్లు, కరోనాకు స్టెరాయిడ్లు వాడినవాళ్లు. మాస్కు వల్లే అయితే ఆపరేషన్ థియేటర్లో ఏళ్ల తరబడి మాస్కుతో నిలబడే సర్జన్లకు ముందు రావాలి. మురికి మాస్కు వద్దని మాత్రం నేనూ చెప్తా. తడిస్తే మార్చాలి, లేకపోతే బుగ్గల మీద పొక్కులు.

మిల్లు_గుమస్తా
పొద్దుటి నుంచి చదువుతున్నా, లొల్లి అంతా కరోనా చుట్టే తిరుగుతోంది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులో లెక్కలు రాస్తా నేను. ఇప్పుడు యాసంగి ధాన్యం వచ్చే రోజులు, లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. బస్తా విప్పి గుంతలో పోసేటప్పుడు మనిషి మనిషికి కనపడడు, అంత దుమ్ము. ఊక గది దగ్గర ఇంకా అన్యాయం. హమాలీలు తువ్వాలను ముక్కు మీదుగా చుట్టి వెనక ముడేస్తారు. సాయంత్రం విప్పితే ముక్కు రంధ్రాలు ఉన్నచోట బట్ట మీద రెండు నల్లటి మచ్చలు గుండ్రంగా ఉంటాయి. పొద్దున ఉతికిన తువ్వాలే అది.

2020లో కరోనా తనిఖీలు అన్నారని మా ఓనరు మాస్కుల డబ్బాలు తెప్పించాడు. ఇచ్చింది కరోనాకు, పనికొచ్చింది దుమ్ముకు. మొదట చెమట పడుతుందని విసిరేసిన వాళ్లే కొన్నాళ్లకు గుమాస్తా రూం కాడికి వచ్చి అడిగి తీసుకునేవాళ్లు. రాత్రి దగ్గు తగ్గిందని పెద్ద వయసు హమాలీ ఒకాయన నాతోనే అన్నాడు. రూలు పోగానే డబ్బాలు కూడా పోయాయి. అడిగితే "కరోనా లేదు కదా" అంటాడు ఓనరు. కరోనా లేదు, ఊక ఉంది కదా సార్! ఆ ఊకలో సిలికా ఉంటుంది. కార్ఖానాలో దుమ్ము లేవకుండా, లేచినా కూలీలు పీల్చకుండా చూడాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలో 14వ సెక్షనే పెట్టారు. అప్పటికి కరోనా పేరు ఎవడికి తెలుసు?

పత్తిచేను
జిన్నింగ్ మిల్లులోనూ ఇదే కథ. మా చిన్నాయన జడ్చర్ల వైపు చాలా ఏళ్లు చేశాడు. సెలవు రోజు ఇంట్లో బాగానే ఉండేవాడు, మర్నాడు పనిలోకి దిగగానే ఛాతీ పట్టేసేది. పనికి బద్ధకమని మేస్త్రీ తిట్టేవాడట. చివరికి డాక్టర్ చూసి పత్తి దుమ్ము వల్ల వచ్చే జబ్బు, బిస్సినోసిస్ అంటారు, సెలవు తర్వాత మొదటి రోజు ఎక్కువ కావడం దాని గుర్తు అన్నాడు. బద్ధకం కాదన్నమాట. అప్పుడు ఆయన దగ్గర మాస్కు లేదు, దస్తీ ఉండేది.

మెట్టుగడ్డ_మూర్తి
పని దగ్గర దుమ్ముకు పెట్టుకోవడం వేరు, కౌంటర్ దగ్గర గిరాకీ ముందు పెట్టుకోవడం వేరు. మొదటిదానికి నేను అడ్డం కాదు.

ప్రకాశంబజార్_పోరడు
మూర్తి అన్నా, మా కౌంటరే నా పని జాగా. థాన్ విప్పేది గిరాకీ ముందే. నూగు గిరాకీని చూసి ఆగుతుందా?

స్కూటీ_అక్క
ఇంకో వింత చెప్పనా? మేము కాలేజీ రోజుల నుంచి ముఖానికి చున్నీ చుట్టుకుని కళ్లు మాత్రమే కనపడేట్టు బండి నడుపుతున్నాం. ఎండకు, దుమ్ముకు, ఇంకా సందు సందునా ఆపి "ఎవరి బిడ్డవమ్మా, ఎటు పోతున్నవు" అనేవాళ్లకు. ఒక్కరూ రోగం అనలేదు. రెండు మూరల చున్నీకి లేని అనుమానం జానెడు మాస్కుకు వచ్చింది.

బస్టాండ్_టీ
చున్నీ ఉంటే చలానా ఫొటోలో కూడా ఎవరో తెలియదు అక్కా, అసలు లాభం అది.

స్కూటీ_అక్క
బండి నంబర్ ప్లేటుకు చున్నీ కట్టలేదు తమ్ముడూ.

టోక్యో_తమ్ముడు
ఊరు అచ్చంపేట, ఉద్యోగం జపాన్‌లో. ఇక్కడ 2023 మార్చి 13 నుంచి మాస్కు ఎవరి ఇష్టం వాళ్లదని ప్రభుత్వం చెప్పేసింది. అయినా రైలెక్కితే ఇప్పటికీ చాలామందికి ఉంటుంది. అసలు కరోనాకు ముందు నుంచే ఇక్కడ జలుబు చేసినవాడు పెట్టుకుంటాడు, పక్కవాడికి అంటకూడదని. పుప్పొడి పడనివాళ్లు వసంతకాలమంతా పెట్టుకుంటారు. ఎవరూ ఎవర్నీ అడగరు. మన దగ్గర జలుబు చేసినవాడు తప్ప అందరూ పెట్టుకున్నారు.

చిన్నోడి_అమ్మ
మీరంతా పెట్టుకునేవాళ్ల బాధ చెప్తున్నారు, నేను అవతలి వైపు చెప్తా. మాది వనపర్తి. మా బాబుకు పుట్టుకతో వినికిడి తక్కువ. మిషన్ ఉంది కానీ సగం మాట పెదాలు చూసే పట్టుకుంటాడు. మాస్కులు వచ్చాక వాడికి లోకం మూగబోయింది. ఆన్‌లైన్ క్లాసు నయం, టీచర్ ముఖం కనపడేది. బడి తెరిచాక టీచర్ మాస్కుతో డిక్టేషన్ చెప్తుంటే వీడు పక్కపిల్లోడి పలక చూసి రాసేవాడు. కాపీ కొడుతున్నాడని నాకు కంప్లయింట్ వచ్చింది. వెళ్లి చెప్తే ఆ టీచరమ్మ పాపం అప్పటి నుంచి దూరం జరిగి, మాస్కు దించి, వాడి వైపు తిరిగి చెప్పేది.

రూలు పోయాక ఒకరోజు పాలాయన గిన్నెలో పాలు పోస్తూ ఏదో అడిగాడు. వీడు నా వైపు చూడకుండా "రేపు అర లీటరు ఎక్కువ" అని జవాబు చెప్పాడు. అప్పటిదాకా బయటివాళ్లతో మాట్లాడాలంటే నా కొంగు పట్టుకుని లాగేవాడు. అందుకని మాస్కు వద్దని నేను ఎవరికీ చెప్పను. ఎవరైనా చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏంటండీ" అని రెండోసారి అడిగితే మాత్రం గట్టిగా అరవకండి. ఒక అడుగు వెనక్కి వేసి ఒక్క నిమిషం దించండి, చాలు.

వార్డు_సిస్టర్
అక్కా, ఇది మా ఓపీలో రోజూ జరిగేదే. మేం అరుస్తాం, ముసలాయన తలూపుతాడు, మందు తప్పు వేసుకుంటాడు. నేను ఇప్పుడు పెన్నుతో మాత్రల అట్ట మీదే పొద్దున, రాత్రి అని రాసి ఇస్తున్నా.

డిప్_చాక్‌పీస్
నేను డిగ్రీలో పాఠాలు చెప్తా, జిల్లా నల్గొండే. మా హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) రేపో మాపో నోటీసు పెడతానంటున్నాడు, క్లాసులో మాస్కులు తీసేయాలని. హాజరు దగ్గర, పరీక్షల దగ్గర ఎవరు ఎవరో తెలియడం లేదట. స్టాఫ్ రూంలో అందరూ సరేనన్నారు. నేను వద్దంటున్నా. ఎందుకంటే మా క్లాసులో ఒకమ్మాయి ఉంది. ఊరు చెప్పను, మర్రిగూడ వైపు.

ఆ అమ్మాయి చేరింది 2021లో, మాస్కుతోనే. ఇప్పటికీ తీయలేదు. భయస్తురాలేమో అనుకున్నాం. ప్రాక్టికల్ వైవాలో మాట సరిగా వినపడక "కొంచెం దించి చెప్పమ్మా" అన్నాను. దించింది. వెంటనే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని జవాబు చెప్పింది. జవాబు కరెక్టే. చెయ్యి తీసిన ఒక్క క్షణంలో చూశాను, ముందు పళ్ల మీద ముదురు గోధుమ రంగు చారలు.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు అంటే మనవాళ్లకు చెప్పక్కర్లేదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటే, అక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పళ్ల మచ్చలు పెద్దయ్యాక తాగిన నీళ్లతో రావు. చిన్నప్పుడు, ఇంచుమించు ఎనిమిదేళ్ల లోపు, పాలపళ్ల కింద అసలు పళ్లు తయారయ్యేటప్పుడే పడిపోతాయి. తర్వాత మంచినీళ్లు వచ్చినా పోవు. ఆమె తమ్ముడు ఒకసారి ఫీజు కట్టడానికి వచ్చాడు, పిల్లోడు. పళ్లు తెల్లగా ఉన్నాయి. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. వాడికి అసలు పళ్లు తయారయ్యే నాటికి ఇంటికి కృష్ణ నీళ్లు వచ్చాయి, ఈమెకు బోరు నీళ్లు.

ఆ పిల్లకు ఈ మాస్కు కరోనా ఇచ్చిన రెండేళ్ల నిమ్మళం. ఊరంతా కట్టుకున్నప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు క్లాసులో మిగిలింది తనొక్కతే. నోటీసు పెడితే అందరి ముందూ తీయాలి, లేదా మానేయాలి. మానేస్తుందని నా భయం.

మెట్టుగడ్డ_మూర్తి
సార్, దాచుకుంటే ఎన్నాళ్లు దాచుకుంటుంది? ఇంకా ఉద్యోగం, పెళ్లి ఉన్నాయి. ఒక రోజు తీసేస్తే నలుగురు చూస్తారు, రెండో రోజు మర్చిపోతారు. మీరే ధైర్యం చెప్పి తీయించండి.

స్కూటీ_అక్క
మూర్తి గారూ, రెండో రోజు మర్చిపోయేది చూసినవాళ్లు. ఆ పిల్ల కాదు. తీయించడానికి మనమెవరం?

మెట్టుగడ్డ_మూర్తి
మంచికే చెప్పాను.

మర్రిగూడ_మాది
నావీ అవే పళ్లు, కాబట్టి నేను చెప్తా. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు పోతే సర్టిఫికెట్లు అన్నీ చూసి ఆఖరున "గుట్కా తింటావా?" అని అడిగాడు. జీవితంలో వక్కపొడి కూడా తినలేదు నేను. ఫ్లోరైడ్ అని చెప్తే "ఓహో" అన్నాడు. ఉద్యోగం రాలేదు, దానికి కారణం పళ్లో కాదో నాకు తెలియదు. ఆ తర్వాత నవ్వడం మాత్రం తగ్గించా. మా ఊళ్లో నడుములు వంగిపోయిన వాళ్లను చూసి పెరిగినోళ్లం, పళ్ల గురించి బాధపడితే "నీకు పళ్లేరా, కాళ్లు బాగున్నాయి కదా" అంటారు. అదీ నిజమే. కానీ నా ముఖం నాది కదా.

సార్, నోటీసు ఆపించండి. ధైర్యం చెప్పే పని తర్వాత. ఇంకో మాట, మచ్చలకు వైద్యం ఉంది. మచ్చ పైపైన ఉంటే అరగదీసి బ్లీచింగ్ చేస్తారు, లోతుగా ఉంటే పంటి మీద వెనీర్ అని పలుచటి పొర అతికిస్తారు. ప్రైవేటులో పంటికి ఇంత అని వాయిస్తారు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, ముందు అక్కడ చూపించుకోవచ్చు. ఈ మాట మీరు వెళ్లి ఆమెకు చెప్పకండి. ఎవరైనా మేడంతో, ఒంటరిగా ఉన్నప్పుడు, అదీ తను మాట కదిపితేనే.

డిప్_చాక్‌పీస్
మీ పోస్టు రెండుసార్లు చదివాను. పరీక్ష హాలులో గుర్తుపట్టడమే హెచ్‌ఓడీ బాధ అయితే మా మేడం ఒకరు పక్క గదిలో ఐడీ కార్డుతో పోల్చి పంపుతారు, అరనిమిషం పని. సోమవారం అదే అడుగుతా. హాజరు సంగతంటారా, రోల్ నంబర్ పిలిస్తే గొంతు వినపడుతుంది కదా. పదిమంది ప్రాక్సీలు చెప్పేది మాస్కు లేని వెనక బెంచీ మొగపిల్లలే.

కోర్టుపక్షి
వెనక బెంచీ తరఫున అభ్యంతరం తెలుపుతున్నాను.

పోచంపల్లి_మగ్గం
2020 లాక్‌డౌన్‌లో చీరలు కొనేవాళ్లు లేక మగ్గాలు ఆగిపోతే ఇక్కత్ ముక్కలతో మాస్కులు కుట్టాం. అప్పుడు బాగానే పోయాయి, పెళ్లివాళ్లు చీరకు జోడీ మాస్కు అడిగారు. ఇప్పుడు ఒక మూట అటక మీద ఉండిపోయింది. మా ఇంటావిడ రెండు రెండు జత చేసి కుట్టి వేడి గిన్నెలు దింపే గుడ్డలు చేసింది. మా ఇంట్లో పప్పు గిన్నె పట్టేది కూడా పట్టు డిజైన్‌తోనే.

పిల్లలమర్రి_నీడ
జోడీ మాస్కులు మా బావ పెళ్లిలో చూశాం. ఆల్బమ్ నిండా కళ్లే. భోజనాల ఫొటోలు చూసి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో తేల్చుకున్నాం. ఒక పెద్దాయన ఎవరో ఇప్పటికీ తేలలేదు, ఆయన భోజనం చేయలేదు.

బస్టాండ్_టీ
కట్నం రాయించకుండా పోయినాయన అయి ఉంటాడు.

ప్రకాశంబజార్_పోరడు
నిన్న రాత్రి షాపు కట్టేశాక సేటుతో మాట్లాడా. నూగు పడదని, డాక్టర్ చీటీ కూడా చూపించా. కాసేపు ఆలోచించి "అట్లయితే పెట్టుకో, కానీ ఆ తెల్లది వద్దు, ఆస్పత్రిలా ఉంది. నల్ల గుడ్డ మీద షాపు పేరు ప్రింట్ కొట్టించి ఇస్తా, స్టాఫ్ అందరికీ" అన్నాడు. రోగం అనుకుంటారన్న మనిషికి ఇప్పుడు అడ్వర్టైజ్‌మెంట్ కనపడింది.

బస్టాండ్_టీ
వ్యాపారమంటే అదీ! మూర్తి అన్నా, ఇప్పుడేమంటావు?

మెట్టుగడ్డ_మూర్తి
అక్షరాలు బంగారు రంగులో కొట్టించమను. పెళ్లిళ్ల సీజన్.

వార్డు_సిస్టర్
ప్రింట్ గుడ్డ నూగును కొంత ఆపుతుంది కానీ సరిగ్గా ఆపాలంటే లోపల సర్జికల్ మాస్కు పెట్టుకుని పైన సేటు గుడ్డ వేసుకో తమ్ముడూ. సర్జికల్ మాస్కు మూడు పొరల్లో మధ్యది జల్లెడ పని చేస్తుంది. ఎన్95 అయితే ఇంకా మేలు, కానీ దాన్ని సర్ఫులో ఉతకొద్దు. లోపలి పొరలో ఉండే విద్యుదావేశం సన్నటి ధూళిని పట్టుకుంటుంది, ఉతికితే అది పోతుంది. తర్వాత చూడటానికి ఎన్95, పనికి మామూలు గుడ్డ.

మిల్లు_గుమస్తా
సిస్టర్, నేనూ ఓనరును కదిపా. 14వ సెక్షన్ మాట ఎత్తేసరికి కొంచెం దిగాడు. సీజన్ అయ్యేదాకా ఎన్95లు తెప్పిస్తా, పైసలు కూలీలో కోస్తా అన్నాడు. హమాలీ మేస్త్రీ ఊరుకోలేదు, పెద్ద లొల్లి అయ్యి చివరికి మిల్లు ఖర్చే అని ఒప్పుకున్నాడు. బజార్లో వాల్వు ఉన్నవి దొరుకుతున్నాయట. వాల్వు ఉన్నవి వద్దని కేంద్రం అప్పట్లో చెప్పింది కదా, తీసుకోవచ్చా?

వార్డు_సిస్టర్
2020 జూలైలో వద్దన్నది కరోనా కోసం. వాల్వులోంచి మనం వదిలే గాలి వడగట్టకుండా బయటికి పోతుంది, మనకు రోగం ఉంటే పక్కవాడికి అంటుతుంది. ఊక దుమ్ముకు ఆ సమస్య లేదు, పీల్చే గాలి వడకడితే చాలు. వాల్వు ఉంటే మూటలు మోసేవాళ్లకు ఉక్క తగ్గుతుంది కూడా. తీసుకోండి. ముక్కు మీద తీగ గట్టిగా నొక్కాలి. గడ్డం ఉంటే మాత్రం అంచు అతుక్కోదు, సందులోంచి దుమ్ము పోతుంది.

మిల్లు_గుమస్తా
చిక్కొచ్చి పడింది. లొల్లి చేసి సాధించిన మేస్త్రీకే గుబురు గడ్డం ఉంది. చెర్వుగట్టు గుడి మొక్కట, మాఘమాసం జాతర దాకా తీయడు.

వార్డు_సిస్టర్
అయితే ఆయన్ని లారీల దగ్గర లెక్క చూసుకోమని, ఊక గదిలోకి గడ్డం లేనివాళ్లను పంపండి.